గుడ్డుకు బూజు పట్టిందని పడేయకండి

పోయిన ఏడాది జూన్‌లో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. హైదరాబాద్‌లోని రామంతాపూర్ కుర్రాడు. పాములంటే ప్రాణం పెడతాడు. వాడు పెంచే బాల్ పైథాన్, అంటే ఒక రకం కొండచిలువ, మొదటిసారి గుడ్లు పెట్టి ఇరవై రెండు రోజులైంది.

"అన్నా, ఒక గుడ్డుకు తెల్లగ బూజు పట్టింది. పడేద్దమా? మిగతా వాటికి అంటుకుంటదేమో."

"వాసన చూసినవా?"

"గుడ్డును వాసన చూసుడేంది అన్నా?"

"పో, మూత తీసి చూడు. చూసినంక ఫోన్ చెయ్."

ఐదు నిమిషాలకి మళ్లీ చేశాడు. తడి మట్టి వాసన తప్ప ఇంకేం లేదన్నాడు. అయితే పడుకో, పొద్దున డ్యూటీ అయ్యాక వస్తానన్నాను.

నేను విద్యానగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున ఆరున్నర నుంచి జనం చేతుల్లో నరాలు వెతకడమే నా పని. ఇల్లు మల్కాజిగిరి. ఇంట్లో రెండు ఆడ, ఒక మగ బాల్ పైథాన్లు ఉన్నాయి. ఇప్పటికి మూడు విడతల గుడ్లు పొదిగించాను. మొదటి విడతలో ఆరు గుడ్లలో రెండు బూజు వల్ల కాదు, బూజు చూసి నేను పడిన కంగారు వల్ల పోయాయి. రాసేది ఆ అనుభవంతోనే.

ముందు ఒక మాట. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు, ఆఫ్రికాది. అడవి జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక, 2024లో నిబంధనలు వచ్చాక, ఇలాంటి జీవాల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పుట్టిన పిల్లల లెక్క కూడా చెప్పాలి. ఇక పెరట్లోనో, ఇసుక కుప్ప కిందో జెర్రిపోతు గుడ్లో, నాగుపాము గుడ్లో దొరికితే ఇంక్యుబేటర్ ఆలోచనే పెట్టుకోకండి. అవి మన సొత్తు కావు. అటవీ శాఖకో, మన ఊళ్లో పాముల్ని పట్టి అడవిలో వదిలే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో చెప్పండి.

సరే, బూజు సంగతి. మా అమ్మ మామిడికాయ తొక్కు పెడుతుంది. జాడీలో ఎక్కడైనా తెల్లటి చుక్క కనిపిస్తే ఆమె జాడీని తిట్టదు, ఉప్పునీ తిట్టదు. "తడి చెంచా పెట్టింది ఎవడ్రా?" అని అరుస్తుంది. గుడ్డు మీద బూజు కనిపించినా మొదట అడగాల్సిన ప్రశ్న అదే. బూజు గింజలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. గుడ్లు పొదిగించే మన పెట్టెలో వెచ్చదనం 31, 32 డిగ్రీలు, తేమ తొంభై శాతం పైన. అంటే బూజుకి పండగ వాతావరణం. అయినా అది బతికున్న గుడ్డు మీద మామూలుగా వేళ్లూనదు. దానికి తిండి కావాలి. పిల్ల పడని గుడ్డు, లోపల చనిపోయిన గుడ్డు, గుడ్డు పెట్టేటప్పుడు పైన అంటిన జిగురు, కింద పోసిన కొబ్బరి పొట్టు, వీటిలో ఏదో ఒకటి దానికి దొరికి ఉంటుంది. అందుకే బూజు పట్టి గుడ్డు చావడం కన్నా, గుడ్డు చచ్చి బూజు పట్టడమే ఎక్కువ. బతికున్న గుడ్లని చంపే ఫ్యుసేరియం అనే బూజు రకాలు కూడా ఉన్నాయి. సముద్రపు తాబేళ్ల గూళ్లని అవి దెబ్బతీస్తాయి. మన పెట్టెలో కనిపించేది మాత్రం సాధారణంగా రొట్టె మీద, నిమ్మకాయ మీద కనిపించే బాపతే.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి వాడి ఇంటికి వెళ్లాను. ముషీరాబాద్ చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టె, అందులో హీటింగ్ కేబుల్, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న థర్మోస్టాట్. దాని లోపల బేగంబజార్ ప్లాస్టిక్ డబ్బా, అందులో వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి రాతి పొట్టు) మీద గుడ్లు. ఖర్చు తక్కువ, పని బాగానే చేస్తుంది. నాదీ ఇలాంటిదే.

డబ్బా వంటింట్లో తెరవకండి. పాముల ఒంటి మీద, గుడ్ల మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. అన్నం గిన్నెల పక్కన ఈ పని వద్దు. చేతులు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, గ్లవ్స్ వేసుకోండి. ముక్కుకి మాస్క్ పెట్టండి. బూజు ఊడినప్పుడు పొడిలా లేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. ఫ్యాన్ ఆపండి.

మొదట ముక్కు పని. బతికున్న గుడ్డుకి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. మురిగిన గుడ్డు మూత తీయగానే తెలుస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాత వేలు. గుడ్డు మీద వేలి చివర ఆనించి చూడండి, నొక్కకండి. పాము గుడ్డు పెంకు కోడిగుడ్డులా పెళుసు కాదు, తోలులా ఉంటుంది. బాగున్నది గట్టిగా, నిండుగా, పొడిగా తగులుతుంది. పోయినది జిడ్డుగానో, మెత్తబడో, ఒక పక్క చెమ్మ కారుతూనో ఉంటుంది.

ముట్టుకునే ముందు ప్రతి గుడ్డు నెత్తిన మెత్తటి పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. గుడ్డు పెట్టిన మొదటి రోజు దాటాక పిండం పైభాగంలో లోపలి పొరకి అంటుకుని ఉంటుంది. కోడి పెట్ట తిప్పినట్టు తిప్పితే అది ఊడి చచ్చిపోవచ్చు. గీత ఎప్పుడూ పైనే ఉండాలి. మార్కర్ పెన్ను వద్దు, దాని సిరా పెంకులోకి ఇంకుతుంది.

అప్పుడు టార్చ్. ఇక్కడే నా అసలు ఉద్యోగం పనికొచ్చింది. గది చీకటి చేసి, వేలంత ఎల్‌ఈడీ టార్చ్‌ని గుడ్డు పక్కన ఆనించి వెలిగిస్తే పెంకు లాంతరులా మెరుస్తుంది. బతికున్న గుడ్డులో లేత గులాబీ కాంతి, దాంట్లో ఎర్రటి సన్నని నరాలు చెట్టు కొమ్మల్లా చీలి కనిపిస్తాయి. నరం అంచు చక్కగా, స్పష్టంగా ఉందంటే రక్తం పారుతున్నట్టే. రక్తం అలికినట్టుగా, గోధుమ రంగులో మసకగా, లేదా ఒక ఉంగరంలా ముద్ద కట్టి ఉంటే ఆ పిల్ల మధ్యలో పోయింది. అసలు నరమే లేకుండా అంతా ఒకే పసుపు రంగులో నిమ్మకాయ షర్బత్‌లా వెలిగితే అందులో పిల్ల పడనే లేదు. పెంపకందార్లు దాన్ని స్లగ్ అంటారు. అది పుట్టుకతోనే చిన్నగా, పసుపుగా, మైనంలా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. నలభై ఐదు రోజులు దాటిన గుడ్డులో పిల్ల నిండిపోయి అంతా నల్లగా కనిపిస్తుంది. వెలుగు పోవట్లేదని చచ్చిందనుకోకండి. టార్చ్ నాలుగైదు సెకన్లు చాలు.

ఆ కుర్రాడి ఆరు గుడ్లలో బూజు పట్టిన గుడ్డుకి టార్చ్ పెట్టాను. బూజు ఉన్నచోట వెలుగు రాలేదు. అర అంగుళం పక్కకి జరిపాను. మోచేతి మడతలో లావు నరం దొరికినప్పుడు ఎంత తేలికగా ఉంటుందో అంత తేలికైంది ప్రాణం. కొమ్మలు కొమ్మలుగా నరాలు. "రా, చూడు" అన్నాను. వాడు మోకాళ్ల మీద కూర్చుని చూసి, "అమ్మో, దీన్ని రాత్రి పడేసేవాణ్ణి కదన్నా" అన్నాడు.

మరి బూజు ఎక్కడిది? దాని పక్కనే, సగం వర్మిక్యులైట్‌లో కూరుకుపోయి, ఒక స్లగ్ ఉంది. దాని మీద బూజు దూది తలగడలా పేరుకుంది. అక్కడి నుంచి పక్క గుడ్డు మీదికి రూపాయి బిళ్లంత పాకింది. బాల్ పైథాన్ గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లో ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా అయిపోతాయి. పెట్టిన రోజే చూసుకుంటే మెల్లగా విడదీయొచ్చు. ఇరవై మూడో రోజున అది కుదిరే పని కాదు.

నా మొదటి విడతలో నేను చేసిన ఘనకార్యం సరిగ్గా ఇదే. మధ్యలో ఉన్న స్లగ్‌ని లాగి తీసేద్దామని వేళ్లతో వొలిచాను. స్లగ్ వచ్చింది. దాంతో పాటు పక్క గుడ్డు పెంకు చిన్న గోరంత చిరిగి వచ్చింది. తెల్లటి నీళ్లు ఊరాయి. మూడో రోజుకి ఆ గుడ్డు కూడా పోయింది. టార్చ్ పెట్టినప్పుడు నరాలు కనిపించిన గుడ్డు అది. ఇప్పుడు నా పద్ధతి వేరు. అతుక్కున్న మురుగు గుడ్డు ఎండిపోతుంటే దాని జోలికి వెళ్లను. పక్క గుడ్లు దాన్ని పట్టించుకోకుండా పెరుగుతాయి. కారుతుంటే మాత్రం కింద టిష్యూ పెట్టి, స్లగ్ పైన సన్నని సూది గుచ్చి, సిరంజితో లోపలి ద్రవం లాగేస్తాను. ఖాళీ పెంకు ముడుచుకుని అక్కడే ఉంటుంది. ఒక్క చుక్క కూడా మంచి గుడ్ల మీద పడకూడదు. సూదితో అలవాటు లేకపోతే ఇది చేయకండి. ద్రవం ఊరుతున్నప్పుడల్లా టిష్యూతో అద్ది, కింద చెప్పబోయే బూజు పౌడర్ చల్లడం నయం.

శుభ్రం చేయడం ఇలా. పొడి దూది పుల్ల తీసుకుని బూజు అంచు నుంచి మధ్యలోకి తుడవండి. మధ్య నుంచి బయటికి తుడిస్తే ఉన్న మచ్చని పెద్దది చేసినట్టే. ఒక పుల్ల ఒక్కసారే. రెండో తుడుపుకి కొత్తది. రుద్దకండి, అద్దండి. బూజు కింద పెంకు మీద కొంచెం మరక మిగిలితే మిగలనివ్వండి. అది అందాల పోటీకి వెళ్లట్లేదు. తర్వాత మెడికల్ షాపులో తామరకి ఇచ్చే క్లోట్రిమజోల్ ఒక శాతం పౌడర్ చిటికెడు తీసి, మెత్తటి చిన్న పెయింట్ బ్రష్‌తో ఆ మచ్చ మీద మాత్రం పల్చగా అద్దండి. షాపులో 'పౌడర్' అంటే ఒక్కోసారి చెమటకాయల పౌడర్ ఇస్తారు. దాంట్లో మెంథాల్, సెంటు ఉంటాయి, అది వద్దు. ఆయింట్‌మెంట్ అసలే వద్దు. గుడ్డు పెంకుతో ఊపిరి పీల్చుకుంటుంది. జిడ్డు పూస్తే ముక్కు మూసినట్టే. డెట్టాల్, స్పిరిట్, స్ప్రే బాటిల్, ఇవన్నీ వద్దన్నట్టే లెక్క. మా అమ్మ పసుపు రాయమంది. దెబ్బ తగిలితే నాకూ పసుపే రాసి పెంచింది, కాదనను. కానీ తడి పసుపు ముద్ద ఆరితే గట్టి పొర అవుతుంది, అందుకే గుడ్డుకి రాయనివ్వలేదు. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వర్మిక్యులైట్ మీద కూడా బూజు మచ్చలుంటే చెంచాతో ఆ ముక్క వరకు తీసేయండి. చెంచా పొడిగా ఉండాలి. మళ్లీ తొక్కు జాడీ న్యాయమే.

ఇంత చేసినా కారణం అలాగే ఉంటే వారంలో బూజు తిరిగొస్తుంది. నా అనుభవంలో మన ఊళ్లో కారణాలు రెండు. ఒకటి కొబ్బరి పొట్టు. మేడ మీద తోట పెంచేవాళ్ల పుణ్యమా అని ఏ నర్సరీలో చూసినా అదే దొరుకుతుంది, చవక కూడా. నేను మొదటిసారి అదే వాడాను. పదో రోజుకి డబ్బా అడుగున తెల్లటి వల అల్లుకుంది. కొబ్బరి పొట్టు చెట్టు నుంచి వచ్చింది, బూజుకి అది భోజనం. వర్మిక్యులైట్, పెర్లైట్ రాయి నుంచి వచ్చినవి, వాటిలో తినడానికేం లేదు. కొనేటప్పుడు విడిగా గోనె సంచిలోంచి తీసి ఇచ్చేది కాకుండా సీలు వేసిన ప్యాకెట్ అడగండి. విడిగా ఇచ్చేదాంట్లో మట్టి, పొట్టు కలిసి ఉంటాయి.

నీళ్లు కాచి చల్లార్చినవి పోయండి. కొందరు వర్మిక్యులైట్ ఎంత బరువో నీళ్లూ అంతే అంటారు. నాకు అది ఎక్కువ అనిపించింది. 100 గ్రాములకి 80 గ్రాముల నీళ్లు పోస్తాను. తూకం లేకపోతే పిడికిట్లో పిండి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు.

రెండో కారణం వాన. ఇది కొంచెం విప్పి చెప్పాలి. మే నెలలో మన సమస్య వేడి చేయడం కాదు, చల్లార్చడం. గది 38 దాటితే థర్మోస్టాట్ హీటర్‌ని ఆపగలదు కానీ పెట్టెని చల్లబరచలేదు. 34 దాటిందంటే పిల్లలకి వెన్నెముక వంకర్లు రావొచ్చు, చావొచ్చు. అందుకే పెట్టెని రేకుల గదిలో కాకుండా ఇంటి మధ్య గదిలో, నేల మీద పెట్టాలి. ఇక జూన్‌లో ఒక సాయంత్రం మొదటి గట్టి వాన పడుతుంది. గంటలో గది పది డిగ్రీలు చల్లబడుతుంది. మనం హాయిగా కిటికీలు తీస్తాం. అదే గంటలో పెట్టె లోపల హీటర్ ఆన్ అయి కింద వేడెక్కుతుంది, పైన మూత చల్లగా ఉంటుంది. ఇంతకాలం గాలిలో ఉన్న తేమ అంతా మూత అడుగున చుక్కలు కడుతుంది. ఒక్కో చుక్కా సరిగ్గా గుడ్డు నెత్తిన పడుతుంది. రోజుల తరబడి అదే చోట చుక్క పడితే ఆ చోట పెంకు నానుతుంది. బూజు అక్కడ కూర్చుంటుంది.

రామంతాపూర్ పెట్టెలో కూడా అంతే. మూత తిప్పి చూస్తే ఇడ్లీ కుక్కర్ మూతలా ఉంది. ముందు రోజే వాన పడింది. పాత దుప్పటి మడిచి పెట్టె మూత మీద కప్పాం, పైభాగం చల్లబడకుండా. లోపలి డబ్బా కింద ఒక పక్క చిన్న చెక్క ముక్క పెట్టి వాలుగా చేశాం, చుక్కలు జారి ఒక గోడకి పోయేలా. గుడ్లు కదలలేదు, వాలు ఒక వేలు మందమే. మూత లోపలి వైపు ఒక పొడి టిష్యూ అంటించాం, రోజూ మార్చమన్నాను. తర్వాత వారానికి రెండుసార్లు మూత తీసి రెండు నిమిషాలు గాలి మార్చడం. నేను దానికి పాత పెళ్లి కార్డుతో విసురుతాను. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఇంట్లో కార్డులకి కరువు ఉండదు.

ఇక్కడ ఇంకో గుంత ఉంది. నా మొదటి విడతలో రెండో గుడ్డు అందులోనే పడింది. బూజు అంటే తేమ వల్లే కదా అని భయపడి నేను డబ్బా మూత రాత్రంతా తీసి ఉంచాను. మర్నాడు నీళ్లూ పోయలేదు. నాలుగు రోజులకి గుడ్లన్నీ నొక్కిన బంతుల్లా సొట్టలు పడ్డాయి. అప్పటికి ముప్పయి రోజులే. బూజు ఎండింది, దాంతో పాటు గుడ్లూ ఎండాయి. గుడ్ల చుట్టూ, వాటికి తగలకుండా, డబ్బా గోడల వెంట చెంచాతో గోరువెచ్చని నీళ్లు పోసి మూత బిగించాను. రెండు రోజుల్లో చాలావరకు నిండాయి. ఒకటి మాత్రం నిండలేదు. బూజు గుడ్డుని చంపడానికి చాలా రోజులు తీసుకుంటుంది, తేమ లేక ఎండిపోతే అన్ని రోజులు పట్టదు. రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను కొంచెం బూజునే ఎంచుకుంటాను. చివరి పది, పదిహేను రోజుల్లో పడే సొట్టలు వేరు. పిల్ల బయటికి రావడానికి సిద్ధమవుతుంటే గుడ్డు సహజంగానే ముడుచుకుంటుంది. అప్పుడు నీళ్లు గుమ్మరించకండి. రోజుల లెక్క క్యాలెండర్ మీద రాసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. బాల్ పైథాన్‌కి 31, 32 డిగ్రీల్లో సుమారు 55 నుంచి 60 రోజులు.

ఈగల సంగతి కూడా చూసుకోవాలి. మురిగిన గుడ్డు వాసనకి వానాకాలంలో నువ్వు గింజంత ఈగలు వస్తాయి. ఎగరడం కన్నా పరిగెత్తడం ఎక్కువ. అవి పెట్టే పురుగులు మురుగు గుడ్డులో మొదలై, ఏ కాస్త చిరుగు ఉన్నా మంచి గుడ్డులోకీ దూరతాయి. గాలి రంధ్రాలకి దోమతెర గుడ్డ సరిపోదు, దాని కన్నాలు పెద్దవి. పాత నైలాన్ సాక్సు కత్తిరించి అంటించండి.

ఇగువానా, తోలు పెంకు గుడ్లు పెట్టే గెకో లాంటి పెంపుడు బల్లులకైనా పద్ధతి దాదాపు ఇదే. వేడి, రోజులు మాత్రం దేనికది తెలుసుకుని పెట్టుకోవాలి.

ఆ కుర్రాడు నేను చెప్పినవన్నీ చేశాడు. చెప్పనిది కూడా ఒకటి చేశాడు, ఆ గుడ్డుకి 'బూజయ్య' అని పేరు పెట్టాడు. బూజు ఇంకో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ దూది, పౌడర్. యాభై ఏడో రోజు మధ్యాహ్నం నేను ఒక ముసలాయన చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే ఫోన్ కొట్టుకుంది. పని అయ్యాక తీశాను.

"అన్నా, బూజయ్య కోసుకుని మూతి బయట పెట్టిండు. లాగుదునా?"

"ముట్టకు. పచ్చసొన లోపలికి పీల్చుకోవాలె. ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. మూత పెట్టి నువ్వు అన్నం తిను."

వాడు తిన్నాడో లేదో తెలీదు. గంటకో ఫోటో పంపాడు. మర్నాడు రాత్రి వచ్చిన పదిహేడో ఫోటోలో గుడ్డు పెంకు ఖాళీగా ఉంది, దాని మీద రూపాయి బిళ్లంత గోధుమ మరక అలాగే ఉంది. డబ్బా మూలన పిల్ల బంతిలా చుట్టుకుని, తల లోపలికి దాచుకుని కూర్చుంది.